బాలయ్య మూడో కాలు

ఆ గురువారం సాయిలత అనుకున్నది పెద్ద పనేమీ కాదు. ఎల్లారెడ్డిలో ఎనిమిదింటి బస్సెక్కి కామారెడ్డి పోవాలి. పదకొండు గంటలకు స్నేహితురాలు సుష్మిత నెట్ సెంటర్‌లో కూర్చుని హైదరాబాద్ ఆఫీసు వాళ్లకు తన పని చూపించాలి. మూడింటి బస్సుకు ఇల్లు చేరాలి. ఇంట్లో నెట్ ఉంది కానీ మబ్బు పట్టిందంటే పోతుంది, శ్రావణమాసంలో మబ్బు పట్టని రోజు లేదు. బ్యాగు జిప్పు తెగిపోవడంతో ల్యాప్‌టాప్‌ను పాత తువ్వాలలో చుట్టి, అమ్మ రాజమణి బీడీ ఆకు తెచ్చుకునే గుడ్డసంచిలో పెట్టుకుంది.

సాయిలత పనిచేసే కంపెనీ వీడియో ఆటలకు మనుషుల బొమ్మలు తయారుచేస్తుంది. పొడవు, వెడల్పు, లోతు కలిపి కెమెరా పట్టిన మనిషి ఆకారం లోపల అస్థిపంజరాన్ని కనిపెట్టడం ఆమె వంతు. డాక్టర్లు చూసే అస్థిపంజరం కాదది. ఆకారం పై పొరను అన్ని వైపులనుంచీ సమానంగా లోపలికి లాగుతూ పోతే, చివరికి నట్టనడుమ సన్నటి దారాల్లాంటి గీతలు మిగులుతాయి. ఆ గీతలను కదిలిస్తే బొమ్మంతా కదులుతుంది. తండ్రి బాలయ్యకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆయన కాసేపు ఆలోచించాడు.

"అంటె మక్క కంకి ఒలిస్తె నడుమ బెండు మిగిలినట్టా?"

"గట్లనే బాపు."

"మరి బొక్కలు తీసే పని అను. దానికి ఇంగ్లీషెందుకు?"

ఎముకలను కనిపెట్టే ఆ పనికి ఆ రోజునుంచి ఇంట్లో పేరు అదే అయింది.

కిందటి యాసంగి పంటప్పుడు ఆమె ఆఫీసు కెమెరా ఒకటి ఇంటికి తెచ్చింది. మామూలు మనిషి నడక కావాలంటే బాలయ్యే ముందుకొచ్చాడు. వాకిట్లో ఎనిమిది అడుగులు నడిచాడు, ఎడమచేతిలో కట్టె, భుజం మీద తువ్వాల, చెవి సందున బీడీ. ముప్పై ఏళ్లు రైస్ మిల్లులో బస్తాలు మోసిన కుడి భుజం ఎడమ దానికంటే నాలుగు వేళ్లు దిగి ఉండేది.

"ఆటల నేను గెలుస్తనా?" అని అడిగాడు.

"నువ్వు ఎనక నడిచే జనంల ఉంటవు బాపు."

"నడిస్తె చాలు తియ్యి," అన్నాడు.

మిరుగు కార్తె మొదలైన నాలుగో రోజు చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి, బాలయ్య గోడకు ఒరిగాడు. మళ్లీ లేవలేదు. వాళ్లలో మట్టి చేయడమే ఆనవాయితీ. సొంతూరు లింగంపేట తీసుకుపోయి పాతిపెట్టారు.

సాయిలత అప్పటినుంచి ఇంట్లోనే ఉండి పనిచేస్తోంది. ప్రోగ్రాముకు మనిషికీ, మనిషి మీదున్న వస్తువుకూ తేడా తెలియదు. తువ్వాల అంచుల దగ్గర భుజానికి రెండు కొమ్మలు మొలిపించింది. చెవి సందు బీడీని ముల్లుగా లెక్కపెట్టింది. అరచేతికి అంటుకుని ఉన్న కట్టెను మూడో కాలనుకుంది. వాటిని ఒక్కొక్కటే కత్తిరించాలి. ఒక్కో తప్పు దిద్దినప్పుడల్లా తండ్రి మీదినుంచి ఒక్కో వస్తువు పోయింది. తువ్వాల, బీడీ పోయాయి కానీ కట్టె దగ్గర ఆమె చెయ్యి రెండు నెలలు ఆగిపోయింది. ఆ గురువారం పొద్దున, ఇక తప్పదని, దాన్ని కూడా తీసేసి బస్సెక్కింది.

బస్సులో ఉచిత టికెట్టుకు ఆధార్ కార్డులు పట్టుకున్న ఆడవాళ్లతో అడుగు పెట్టే సందు లేదు. సాయిలతకు పక్క సీట్లో భూదవ్వ కనిపించింది. భూదవ్వది లింగంపేట. డెబ్బై ఏళ్ల మనిషి, బీడీలు చేస్తుంది. ఎల్లారెడ్డిలో కూతురింట్లో నాలుగు రోజులుండి తిరిగిపోతోంది. "బాలయ్య బిడ్డవు గాదూ?" అని పలకరించి, కొంచెం జరిగి చోటిచ్చింది. అంతలో సుష్మిత ఫోన్ చేసింది. ఇంజను మోతకు సాయిలత గొంతు పెంచక తప్పలేదు.

"ఆఁ సుష్మా. బాపు బొక్కలు తీసుడైంది. మీది పొరంత గుంజేసిన. చేతులు మంచిగనే వచ్చినయి. చేతివేళ్లు కొన్ని పోయినయి, పోనీ... కాలే ఒకటి ఎక్కువొచ్చింది. మూడు. పొద్దుగాలనే కోసేసిన... లే, సంచిలనే ఉన్నయి. తువ్వాలల చుట్టిన. సార్లు పదకొండింటికి చూస్తమన్నరు."

భూదవ్వ సంచి వైపు చూసింది. తన చీర కొంగు దానికి తగలకుండా దగ్గరికి లాక్కుంది. లింగంపేటలో దిగుతూ, "పెండ్లి కావల్సిన పొల్లవు," అని మాత్రం అంది. అదేదో దీవెన అనుకుని సాయిలత తలూపింది.

భూదవ్వ నేరుగా లింబాద్రి ఇంటికి పోయింది. లింబాద్రి బాలయ్యకు సొంత అన్న. అన్నదమ్ములకు పదకొండేళ్లుగా మాటల్లేవు. తల్లి దినంనాడు మేక తలకాయ ఎవరింటికి పోవాలన్న దగ్గర మాట మాట పెరిగింది. తలకాయను చివరికి కుక్క ఎత్తుకుపోయింది కానీ పంతాలు మిగిలిపోయాయి. తమ్ముడు పోయిన రోజు లింబాద్రి వచ్చి, మూడు పిడికిళ్ల మట్టి వేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

భూదవ్వ చెప్పింది ఆయన మొదట నమ్మలేదు. అయినా చెప్పులేసుకుని బొందలగడ్డకు పోయాడు. తమ్ముణ్ణి పూడ్చిన చోట తలవైపు మట్టి మూరెడు లోతు కుంగి, గుంటలో నీళ్లు నిలిచి ఉన్నాయి. చుట్టూ మట్టి చెదిరి ఉంది. లింబాద్రి అక్కడే నిలబడి ఫోన్ తీశాడు. ఆయన దగ్గరున్నది తమ్ముడి నంబరొక్కటే. పదకొండేళ్లలో ఒక్కసారీ చెయ్యని ఆ నంబరుకు చేశాడు.

ఎల్లారెడ్డిలో బీడీల చాట ముందు కూర్చున్న రాజమణి, మొగుడి ఫోన్ మోగితే ఉలిక్కిపడింది. తెర మీద 'అన్న' అని ఉంది. బాలయ్య ఆ పేరు తీసెయ్యలేదని ఆమెకు అప్పుడే తెలిసింది.

"రాజమణీ, నేను లింబాద్రిని. మా తమ్ముని బొక్కలు ఏడ ఉన్నయి?"

బిడ్డ చేసే పని గురించి బావ ఎవరిదగ్గరో విని, మనసు కరిగి అడుగుతున్నాడనుకుంది రాజమణి. ఆమెకు కళ్లల్లో నీళ్లొచ్చాయి.

"బిడ్డ దగ్గరనే ఉన్నయి బావా. సంచిలేసుకొని కామారెడ్డికి పట్కపోయింది, చీరల దుకాణం మీద సుష్మిత కాడికి."

"నువ్వు చూసినవా?"

"చూసిన. మంచిగ తీసింది. నాకైతె ఏడుపొచ్చింది."

"అన్నీ ఉన్నయా?"

"కాలొకటి ఎక్కువొచ్చిందట. గది కోసేసింది."

లింబాద్రి కుంగిన గుంట వైపు చూశాడు. "కామారెడ్డిల ఏం జేస్తరు వాటిని?"

"ఆఫీసోళ్లు చూస్తరట బావా. నచ్చితె ఆటలకు వాడుకుంటరు."

ఆయన ఫోన్ పెట్టేశాడు.

పక్కనే రాజేశం నిలబడి ఉన్నాడు. భూదవ్వ దారిలో అతనికీ చెప్పింది. రాజేశం తండ్రిని ఏడాది కింద పూడ్చిన చోటు పక్కనే బాలయ్యనూ పూడ్చారు. అతనికి మిగతా మాటలేవీ పట్టలేదు, ఎక్కువొచ్చిన కాలు ఒక్కటే పట్టింది.

"లింబాద్రన్నా, మనిషికి రెండే కాళ్లుంటయి. ఎక్కువొచ్చింది మా నాయినదే. పక్కపొంటి ఇంకెవలున్నరు?"

"ముందుగాల పొల్లను అడుగుదాం."

"అడుగుడేంది? మా నాయిన ఎడమకాలుకు రాడ్డేసిన్రు. రాడ్డుంటె మాది, లేకుంటె మీది. గంతే."

ఇద్దరూ ఠాణాకు పోయారు. అక్కడ కానిస్టేబుల్ శేఖర్ ఒక్కడే ఉన్నాడు, మిగతా వాళ్లంతా బందోబస్తుకు పోయారు. శేఖర్ నెమ్మదస్తుడు. రాజేశం రాసిచ్చిన కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"'మా తండ్రిగారి కాలు కనబడుట లేదు' అని రాసిన్రు. ఆఖరుసారి ఎప్పుడు కనబడ్డది?"

"పోయినేడు."

"మీ నాయిన సమాధి తవ్వినట్టున్నదా?"

"లేదు సారు. గది మంచిగనే ఉన్నది. గదే అనుమానం."

శేఖర్ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఈ ఇద్దరినే పంపితే ఆ అమ్మాయికి ఏమవుతుందోనన్న దిగులుతోనే అతను ఆటో ఎక్కాడు. ఎవరూ పిలవకుండానే భూదవ్వ కూడా ఎక్కింది. సాక్షిని తనే కదా అంది.

కామారెడ్డిలో సుష్మిత నెట్ సెంటర్ ఒక చీరల దుకాణం మీది అంతస్తులో ఉంది. పరీక్ష ఫారాలు నింపడానికి వచ్చిన పదిమంది టోకెన్లు పట్టుకుని కూర్చున్నారు. వెనక గోడకున్న పెద్ద తెర మీద నల్లటి చీకట్లో తెల్లటి గీతల మనిషి ఎనిమిది అడుగులు నడిచి, మళ్లీ మొదటినుంచి నడుస్తున్నాడు. హైదరాబాద్‌నుంచి టీమ్ లీడర్ ప్రవీణ్ గొంతు స్పీకర్లో వస్తోంది.

"లతా, నడక బాగా వచ్చింది. కానీ కుడి భుజం కిందికుంది, చూశావా? స్కాన్‌లో తప్పు. రెండు వైపులూ సమానం చేసెయ్."

"తప్పు కాదు సార్. మనిషే అట్ల ఉంటడు."

"క్లయింట్‌కు మామూలు మనిషి కావాలి. ఎడమ చెయ్యి కూడా ఊరికే గాల్లో బిగుసుకుని ఉంది. ఒక్క బటనే కదా, నొక్కు."

మా బాపు మామూలు మనిషే సార్, అందామనుకుంది సాయిలత. అనలేదు. తన తండ్రి నడక ఇదని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలి పడతారు, జాలిపడి పని వేరే వాళ్లకిస్తారు. బాణం గుర్తును బటన్ మీదికి తీసుకుపోయింది. అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది.

"టోకెన్ తీసుకోండ్రి," అంది సుష్మిత తల ఎత్తకుండా.

లింబాద్రి టోకెన్ తీసుకోలేదు. కుర్చీ కింద గుడ్డసంచి కనిపించింది. దాన్ని తెరిచాడు. తువ్వాల బయటికి తీశాడు, అది తమ్ముడిదేనని పోల్చుకుని మడత విప్పలేకపోయాడు. రాజేశం విప్పాడు. లోపల ఏమీ లేదు. సంచి అడుగున చార్జరు, సద్ది డబ్బా, గొడుగు ఉన్నాయి.

"రాడ్డు లేదు," అన్నాడు రాజేశం.

శేఖర్ ముందుకొచ్చాడు. "అమ్మా, మీ నాయిన అస్థిపంజరం మీ దగ్గర ఉన్నదని వీళ్లు అంటున్నరు."

సాయిలత నలుగురినీ చూసింది. పెద్దబాపు లింబాద్రి తనను పలకరించక పదకొండేళ్లయింది. ఎందుకొచ్చారో ఆమెకు అర్థం కాలేదు. కానీ అడిగినదానికి అబద్ధం చెప్పాల్సిన అవసరమూ కనిపించలేదు.

"ఉన్నది సార్."

టోకెన్లు పట్టుకున్నవాళ్లు కుర్చీలతో సహా వెనక్కి జరిగారు.

"ఏడ ఉన్నది?"

"గదే," అని తెర చూపించింది.

శేఖర్ తెర వైపు చూశాడు. రాజేశం తెర వెనక్కి కూడా వంగి చూశాడు. లింబాద్రి మాత్రం కదలలేదు. గీతల మనిషి ఎనిమిది అడుగులు నడిచాడు. మళ్లీ నడిచాడు. మూడోసారికి లింబాద్రి పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీని తడుముకుని కూలబడ్డాడు.

"బాలిగాడు," అన్నాడు.

"మొఖం లేదు, పెయ్యి లేదు. ఎట్ల గుర్తువట్టిన్రు?" అని అడిగాడు శేఖర్.

"మాటలు బందైన కాన్నుంచి వాడు మా ఊరికొస్తె వీపు దిక్కే చూసిన సారు. ఎదురొస్తె నేను మొఖం తిప్పుకుంటుంటి. వాడు దాటిపోయినంక చూస్తుంటి. మొఖం అంతగనం యాదికి లేదు. నడక ఉన్నది."

లింబాద్రి కళ్లు తుడుచుకుని, మళ్లీ తెరకు దగ్గరగా జరిగాడు.

"కట్టె ఏది?"

"తీసేసిన పెద్దబాపు. మూడో కాలు లెక్క వస్తుండె. గది తప్పంటరు."

"కట్టె లేకుంటె పడడా వాడు?"

సాయిలత చదివిన చదువులో ఆ ప్రశ్న లేదు. తీసేసినదాన్ని వెనక్కి తెచ్చే మీటలు నొక్కింది. గీతల మనిషి ఎడమ అరచేతినుంచి మూడో కాలు నేలదాకా దిగింది. అంతవరకూ గాలిమీద ఒరిగి నడుస్తున్నవాడు దానిమీద ఒరిగాడు.

"గిదా ఎక్కువొచ్చిన కాలు?" అన్నాడు రాజేశం.

"గిదే అన్నా. చేతికట్టె."

"అయితె మా నాయిన కాలు?"

"మీ నాయిన దగ్గరనే ఉన్నట్టు," అన్నాడు శేఖర్. జేబులోని కాగితం తీసి అతని చేతిలో పెట్టాడు. రాజేశం కొంచెం చిన్నబోయాడు. ఇంత దూరం వచ్చినందుకు ఏదో ఒకటి దొరకాలని అతనికి ఉన్నట్టుంది.

స్పీకర్లోంచి ప్రవీణ్ గొంతు వచ్చింది. "లతా, ఎవరు వాళ్లు? మూడో కాలు మళ్లీ వచ్చింది. భుజం ఇంకా కిందికే ఉంది."

లింబాద్రి లేచి, గొంతు ఎక్కడినుంచి వస్తుందో తెలియక తెరకే చేతులు జోడించాడు. "సారూ, గా భుజం తప్పు గాదు. ముప్పై ఏండ్లు బస్తాలు మోసిండు. మీదికెత్తితె మా తమ్ముడు కాడు. గా కట్టె గూడ ఉండనియ్యుండ్రి."

"ఇది మీ నాన్నగారా లతా?" అన్నాడు ప్రవీణ్.

"అవును సార్."

"ముందే చెప్పాల్సింది. దీన్ని సమానం చెయ్యమని నీకే చెప్పాను..." అతని గొంతు తగ్గింది. "ఇది వద్దులే. ఆఫీసులో ఎవరినైనా నడిపించి తీసుకుందాం. ఇది నువ్వు దాచుకో."

అతను దయగానే అన్నాడు. ఆ దయతో బాలయ్య ఆటలో వెనక నడిచే జనంలోనుంచి కూడా పోయాడు. సాయిలత సరే సార్ అంది. కాల్ ఆగిపోయాక కూడా మానిటర్ వైపే చూస్తూ కూర్చుంది. తండ్రికి ఈ సంగతి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నానని ఆమెకు కాసేపటికి తెలిసింది.

లింబాద్రి బయట మెట్ల మీద నిలబడి తమ్ముడి నంబరుకు మళ్లీ చేశాడు.

"రాజమణీ, చూసిన. మంచిగ తీసింది. నాకూ గట్లనే అయింది."

తిరుగు బస్సులో ఆయన సాయిలత పక్కనే కూర్చున్నాడు. లింగంపేటలో దిగి, "రా," అన్నాడు. ఇద్దరూ బొందలగడ్డకు పోయారు. కుంగిన గుంటలో పొద్దుటి నీళ్లు అలాగే ఉన్నాయి.

"వానకు కుంగిందే. తవ్విన్రనుకున్న," అన్నాడు.

"రెండు నెలలు దాటింది పెద్దబాపు. నేను ఒక్కనాడు గూడ ఈడికి రాలే. ఇంట్ల బొక్కలు పెట్టుకొని కూసున్న."

"నేను ఊర్లనే ఉన్న. నేనేం వచ్చిన? వచ్చుంటె కుంగింది ఎప్పుడో చూస్తుంటి. నీ మీదికి ఇంతమందిని తోలుకొని వస్తుంటినా?"

రాజేశం తన పొలంనుంచి రెండు తట్టల మట్టి మోసుకొచ్చాడు. గుంట పూడ్చారు. మిగిలిన మట్టిని అతను తన తండ్రి మీద కూడా పోసి, కాళ్లవైపు కొంచెం ఎక్కువే తొక్కాడు.

వారం తర్వాత భూదవ్వ ఎల్లారెడ్డి వచ్చింది. జరిగినదానికి ఏదైనా అంటుందేమోనని రాజమణి చూసింది. భూదవ్వ చాపమీద కూర్చుని కొంగు ముడి విప్పి, ఒక చిన్న ఫోటో తీసి సాయిలత చేతిలో పెట్టింది. పాస్‌పోర్టుకు తీయించుకున్న ఫోటో. మీసాలు అప్పుడే దిద్దుకున్న మనిషి.

"నా కొడుకు జీవన్. ఇరవై ఎనిమిదేండ్లు. దుబాయిల పోయిండు. పెట్టె వచ్చింది. తెరవొద్దన్నరు. మీద పేరు రాసున్నది, గది చదివి పాతిపెట్టిన్రు. లోపల వాడే ఉన్నడో లేడో నాకు తెల్వది." ఫోటో అంచును వేలితో నిమిరింది. "గా దినం బస్సుల నువ్వు మీ బాపు బొక్కలు తీసినంటివి. నాకు మస్తు కోపమొచ్చింది బిడ్డా. నాకు ఎవ్వలు చూడనియ్యలే."

సాయిలత ఫోటోను రెండు చేతులతో పట్టుకుంది.

"వీనివి గూడ గట్లనే తీసియ్యి."

"అవ్వా, ఫోటోల లోతు ఉండది. నడిచేటప్పుడు కెమెరాతోని తీసుండాలె. ఇందుల ఛాతిదాకనే ఉన్నడు. కాళ్లే లేవు."

"ఏం రాదా?"

"రాదవ్వా."

భూదవ్వ ఫోటో తీసుకుంది. కొంగున ముడి వేసుకుంది. లేచి గుమ్మందాకా పోయి ఆగింది.

"వాని నడక నాకెరుకనే," అంది.

చీర కుచ్చిళ్లు కొంచెం ఎత్తి దోపుకుంది. వాకిట్లోకి దిగి, నడుము నిలబెట్టి, ఎడమ పాదం బయటికి విసురుతూ, రాయిని తన్నుకుంటూ పోయే పిల్లవాడిలా నడిచింది. గోడదాకా పోయి తిరిగొచ్చింది. రాజమణి బీడీల చాట పక్కకు పెట్టేసింది. సాయిలత లోపలికి పోయి కెమెరా తెచ్చింది.

"ఇంకోపారి నడువవ్వా."

భూదవ్వ ఆరుసార్లు నడిచింది. ఒకసారి పాదం సరిగ్గా విసరలేదని తనే ఆగి, మళ్లీ మొదటినుంచి నడిచింది. పొద్దు వాలేసరికి తెర మీద గీతల మనిషి తయారైంది. పొట్టిగా ఉంది, వెన్ను కొంచెం వంగి ఉంది, అవన్నీ భూదవ్వవే. కానీ ఆ ఎడమ పాదం విసురు వేరే మనిషిది. భూదవ్వ తెర మీద చెయ్యి పెట్టి, గీత ఎటు పోతే వేలును అటే జరుపుతూ, బస్సు వేళ దాటేదాకా కూర్చుంది.

ఇరవై ఎనిమిదేళ్ల వాడి నడక నడిచినందుకు ఆమె మోకాళ్లు మూడు రోజులు లేవనివ్వలేదు.